సముద్రం పక్కన నాలుగు రాత్రులు, ద్రాక్షతోటల్లో మూడు



సెలవులకి ఎక్కడికి వెళ్దాం అనేసరికి ఏ ఇంట్లోనైనా రెండు పార్టీలు తయారవుతాయి. ఒక పార్టీకి సముద్రం, నగరం, బజార్లు కావాలి. రెండో పార్టీకి కొండా కోనా, చెట్టూ చేమా, కాస్త కంటినిండా నిద్ర కావాలి. ఈ రెండు పార్టీలనీ ఒకే టికెట్టు మీద ఒప్పించగల చోట్లు ప్రపంచంలో కొన్ని ఉన్నాయి. సముద్రం ఒడ్డున పెద్ద నగరం, అక్కడికి గంటా గంటన్నర ప్రయాణంలో ద్రాక్షతోటల లోయలు. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో, నాపా అలాంటి జంట. పోర్చుగల్‌లో పోర్టో, డౌరో లోయ ఇంకో జంట. మన అమ్మాయో అబ్బాయో కాలిఫోర్నియాలో ఉంటే నాపా సంగతి వాళ్లే చూసుకుంటారు. అందుకని ఇవాళ ఆఫ్రికా ఖండం అడుగున ఉన్న జంట గురించి మాట్లాడుకుందాం. అది కేప్‌టౌన్ నగరం, దాని వెనకాల కొండల్లో ఉన్న స్టెలెన్‌బాష్, ఫ్రాన్ష్‌హుక్ లోయలు.

కేప్‌టౌన్ ప్రయాణానికి ఒక షరతు ఉంది. అక్కడ కార్యక్రమం మనం వేసుకుంటే చాలదు, గాలి కూడా ఒప్పుకోవాలి. కొండ ఎక్కించే కేబుల్ కారు గాలి వీస్తే ఆగిపోతుంది. ద్వీపానికి వెళ్లే పడవ అలలు లేస్తే కదలదు. లోయలో భోజనాలకీ వైన్ రుచి చూడటానికీ మాత్రం ముందే వేళలు ఖాయం చేసుకోవాలి. కాబట్టి నగరంలో గడిపే రోజుల్ని వదులుగా, లోయలో గడిపే రోజుల్ని బిగువుగా పెట్టుకోవాలి. ఈ ఒక్కటీ పట్టుకుంటే మిగతా ప్రణాళిక దానంతటదే కుదురుకుంటుంది.

ముందు ఆ ద్రాక్ష అక్కడికెలా వచ్చిందో చూద్దాం. ఆ కథలో మన తీరానికీ వాటా ఉంది. డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడలు హాలండ్ నుంచి బయల్దేరి ఆఫ్రికా కొస చుట్టి తూర్పు దేశాలకి వచ్చేవి. ఆ కంపెనీకి మన మచిలీపట్నంలో కోఠీ ఉండేది, భీమునిపట్నంలో స్థావరం ఉండేది. ఈ రెండు ఊళ్లలోనూ ఆనాటి డచ్చి సమాధులు ఇప్పటికీ చూడొచ్చు. నెలల తరబడి తాజా కూరలు లేక ఓడ సిబ్బంది స్కర్వీ రోగంతో చిగుళ్లు వాచి చచ్చిపోతుంటే, నడిదారిలో ఒక కూరగాయల తోట ఉంటే బాగుంటుందని కంపెనీ తలచింది. 1652 ఏప్రిల్‌లో యాన్ వాన్ రీబెక్ అనే అధికారి ఆ పని మీదే వచ్చి, కేప్ అని పిలిచే ఆ ఆఫ్రికా కొసలో దిగాడు. ఇవాళ మహానగరం నడిబొడ్డున కంపెనీ గార్డెన్ పేరుతో ఉన్న పార్కు ఆ కూరతోటే. కాయగూరలతో పాటు ద్రాక్ష తీగలు కూడా నాటించాడు. 1659 ఫిబ్రవరి 2న కేప్ ద్రాక్షతో మొదటిసారి వైన్ పిండామని తన దినచర్యలో రాసుకున్నాడు. ఒక దేశపు వైన్ పరిశ్రమకి ఇంత కచ్చితమైన పుట్టినరోజు దొరకడం అరుదు.

ఆ తరవాత కేప్ పాలకుడిగా వచ్చిన సైమన్ వాన్ డెర్ స్టెల్ ఆ పనిని పెద్దది చేశాడు. 1679లో కొండల మధ్య ఏటి ఒడ్డున ఒక ఊరు కట్టించి తన పేరే పెట్టుకున్నాడు. అదే స్టెలెన్‌బాష్. 1685లో నగరానికి దగ్గర్లో కాన్‌స్టాంషియా అనే తోట వేశాడు. విచిత్రమేమిటంటే, ఈయన అమ్మమ్మ మన దేశపు తీరం నుంచి బానిసగా తీసుకుపోయి తరవాత విడుదల చేసిన స్త్రీ అని చరిత్రకారులు చెబుతారు. 1688లో ఫ్రాన్సులో మతహింస తప్పించుకుని హ్యూగెనాట్లు అనే ప్రొటెస్టెంటు కుటుంబాలు వచ్చాయి. వాళ్లకి ఏనుగులు తిరిగే ఒక లోయ చూపించి వ్యవసాయం చేసుకోమన్నారు. ఆ లోయే ఇప్పటి ఫ్రాన్ష్‌హుక్. ద్రాక్ష పని తెలిసినవాళ్లు వాళ్లలో ఉండటం డచ్చివాళ్లకి కలిసొచ్చింది.

ఇక ఎప్పుడు వెళ్లాలన్నది. అది దక్షిణార్ధగోళం కాబట్టి రుతువులు మనకి తలకిందులు. మన పిల్లల సెలవులు మూడు దఫాలు వస్తాయి కదా, వాటినే తీసుకుందాం.

సంక్రాంతికి వెళ్తే అక్కడ నడి వేసవి. రాత్రి ఎనిమిది దాకా వెలుతురుంటుంది. సముద్రతీరం కిటకిటలాడుతుంది, హోటళ్ల ధరలు కొండెక్కి కూర్చుంటాయి, గాలి కూడా జోరు మీదుంటుంది. జనవరి ఆఖర్లో ద్రాక్ష కోతలు మొదలై మార్చి దాకా సాగుతాయి. కోత చూడాలన్న పట్టుదల ఉంటే ఫిబ్రవరి మంచిది, కానీ అప్పుడు మన బడులు వదలవు.

దసరాకి వెళ్తే అక్కడ వసంతం. తీగలు అప్పుడే చిగురిస్తుంటాయి. నగరానికి ఆగ్నేయంగా ఉన్న హెర్మానస్ ఊరి దగ్గర తిమింగలాలు పిల్లల్తో సహా ఒడ్డు దగ్గరికి వస్తాయి. పడవెక్కక్కర్లేదు, కొండ అంచున కాలిబాట మీద నిలబడి చూడొచ్చు. జూన్ నుంచి నవంబరు దాకా వాటి రాకడ ఉంటుంది. ఒకటి రెండు రోజులు వాన పడొచ్చు, స్వెట్టర్లు తప్పవు.

వేసవి సెలవులకి, అంటే ఏప్రిల్ ఆఖర్లో, అక్కడ శరత్తు. నా ఓటు దీనికే. కోతలైపోయి ఉంటాయి, తోటల ఆకులు పసుపుకీ ఎరుపుకీ తిరుగుతుంటాయి. వేసవి గాలి తగ్గుతుంది, రద్దీ తగ్గుతుంది, గదుల ధర దిగొస్తుంది. మన ఎండల్లో ఉడికిన ప్రాణానికి ఇరవై డిగ్రీల పైచిలుకు మధ్యాహ్నం ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. అయితే మే దాటనివ్వకండి. కేప్‌టౌన్‌లో వానలు పడేది చలికాలంలో. జూన్, జూలై నెలల్లో రోజుల తరబడి ముసురు పడుతుంది, కేబుల్ కారుని ఏటా మరమ్మతుకి ఆపేది కూడా సాధారణంగా ఆ రోజుల్లోనే.

గాలి సంగతి ఇందాక ఎత్తాను, అది పూర్తిచేస్తాను. అక్టోబరు నుంచి మార్చి దాకా ఆగ్నేయం నుంచి ఒక గాలి వీస్తుంది. నగరం మీది పొగనీ దుమ్మునీ ఊడ్చేస్తుందని స్థానికులు దానికి ‘కేప్ డాక్టర్’ అని పేరు పెట్టారు. నగరానికి వెన్నుగా నిలబడ్డ టేబుల్ మౌంటెన్ ఎత్తు వెయ్యి మీటర్ల పైమాటే, నెత్తి మాత్రం బల్లలా చదును. సముద్రం మీంచి తేమతో వచ్చిన గాలి కొండ వెనకవైపు ఎక్కుతూ చల్లబడి, శిఖరం మీద మబ్బుగా మారుతుంది. పాలు పొంగి గిన్నె అంచు మీంచి జారినట్టు ఆ మబ్బు నగరం వైపుకి జారుతుంది. కిందికి దిగేకొద్దీ వెచ్చబడి, సగం దారిలోనే ఆవిరై మాయమైపోతుంది. కింద వీధిలో ఎండగా ఉంటుంది, కళ్లెదుట కొండ మీద తెల్లటి దుప్పటి కదులుతూ ఉంటుంది. చూడ్డానికి ఎంత బాగున్నా, ఆ దుప్పటి కనబడిందంటే ఆరోజుకి కేబుల్ కారు మీద ఆశ వదులుకోవచ్చు.

అదే గాలి ద్రాక్షకి మాత్రం మేలు చేస్తుంది. ఎండ ముదిరిన వేళ తోటల్ని చల్లబరుస్తుంది. ఆకుల మీద తడి నిలవనివ్వదు కాబట్టి బూజు తెగుళ్లు తగ్గుతాయి. కాయ నెమ్మదిగా పండుతుంది, పులుపు నిలుస్తుంది. పూత వేళ మరీ విసురుగా వీస్తే లేత కొమ్మలు విరుగుతాయి, అదొక నష్టం. మొత్తం మీద నగరంలో మన కార్యక్రమం చెడగొట్టిన గాలే లోయలో ఆ పంటకి కాపలా కాస్తుంది.

అందుకని నా లెక్క ఇది. ఏడు రాత్రులు పెట్టుకోండి, ముందు నగరంలో నాలుగు, తరవాత లోయలో మూడు. ఈ వరస తిప్పకండి. నగరంలో దిగిన మర్నాడే, పొద్దున లేవగానే కొండ వైపు చూడండి. తేటగా ఉంటే మిగతా పనులన్నీ పక్కన పడేసి కేబుల్ కారుకి వెళ్లిపోండి. రేపు చూద్దాంలే అనుకున్నవాళ్లలో చాలామంది కొండెక్కకుండానే తిరిగొస్తారు. 1929 నుంచి నడుస్తున్న ఆ కేబుల్ కారులో ఇప్పుడున్న పెట్టెల అడుగుభాగం గుండ్రంగా తిరుగుతూ పైకి వెళ్తుంది, కాబట్టి కిటికీ పక్కన చోటు కోసం తోసుకోనక్కర్లేదు. పైన ఎండగా ఉన్నా చలి కొరుకుతుంది, పిల్లలకి జాకెట్లు తీసుకెళ్లండి.

రెండోది రాబెన్ ద్వీపం. నెల్సన్ మండేలా గడిపిన 27 ఏళ్ల జైలు జీవితంలో 18 ఏళ్లు అక్కడే గడిచాయి. ఆయనతో పాటు శిక్ష పడ్డ అహ్మద్ కత్రాడా గుజరాతీ మూలాలున్న మనిషి, ఆయనా అక్కడే 18 ఏళ్లు ఉన్నాడు. జైలు లోపల చూపించేవాళ్లు ఒకప్పుడు అదే జైల్లో ఖైదీలుగా ఉన్నవాళ్లు. వయసు మీద పడుతున్న మనుషులు, వాళ్ల నోట వినే అవకాశం ఎల్లకాలం ఉండదు. పడవ టికెట్లు ముందే అయిపోతాయి కాబట్టి ఇంటి దగ్గర్నించే కొనుక్కోండి. అయితే మొదటి రోజుల్లోనే పెట్టుకోండి. సముద్రం బాగాలేక పడవ రద్దయితే ఇంకో రోజు అడగడానికి వెసులుబాటుంటుంది.

మూడో రోజు ద్వీపకల్పం చుట్టిరావచ్చు. చాప్‌మన్స్ పీక్ దారి తొమ్మిది కిలోమీటర్లే, కానీ 114 మలుపులు. ఒకవైపు నిట్టనిలువు కొండ, రెండో వైపు కింద అట్లాంటిక్. సైమన్స్ టౌన్ పక్కన బౌల్డర్స్ బీచ్‌లో ఆఫ్రికా పెంగ్విన్‌లుంటాయి. 1982లో రెండు జంటలు వచ్చి గూళ్లు పెట్టడంతో మొదలైన కాలనీ అది. ఆ జాతి ఇప్పుడు అంతరించే ప్రమాదం అంచున ఉంది, దూరం నుంచే చూడమని పిల్లలకి గట్టిగా చెప్పండి. దక్షిణ కొసకి వెళ్తే గుడ్‌హోప్ అగ్రం. రెండు మహాసముద్రాలు ఇక్కడే కలుస్తాయని గైడ్లు ఊరిస్తారు గానీ, ఆఫ్రికాకి అసలు దక్షిణపు కొస ఇంకా తూర్పున ఉన్న అగుల్హాస్ అగ్రం. ఇది ఎంతమందికి చెప్పినా, ఫోటో మాత్రం గుడ్‌హోప్ బోర్డు దగ్గరే దిగుతారు. అక్కడ బబూన్‌లున్నాయి, చేతిలో తిండి పొట్లం కనబడనివ్వకండి. తిరుపతి మెట్లదారిలో కోతుల్ని చూసినవాళ్లకి ఈ హెచ్చరిక చాలు.

స్నానం సంగతి ఒక్కమాట. విశాఖ, సూర్యలంక సముద్రాలకి అలవాటుపడ్డ మనకి అక్కడి అట్లాంటిక్ నీళ్లు ఐసులా తగుల్తాయి. దక్షిణం నుంచి చల్లటి ప్రవాహం ఆ ఒడ్డు వెంటే పోతుంది. కాళ్లు తడుపుకునే సరదా ఉంటే రెండోవైపున్న ఫాల్స్ బేకి, మ్యూజెన్‌బర్గ్ ఒడ్డుకి వెళ్లండి. అక్కడ నీళ్లు కాస్త వెచ్చన, లోతు తక్కువ.

నాలుగో రోజు నగరం లోపల నడవండి. బో-కాప్ పేటలో రంగురంగుల ఇళ్లు, 1794 నాటి మసీదు ఉన్నాయి. ఆ పేటవాళ్లలో చాలామంది డచ్చి కాలంలో తూర్పు దేశాల నుంచి బానిసలుగా, ప్రవాస ఖైదీలుగా వచ్చినవాళ్ల సంతతి. అక్కడి వంటిళ్లలో సమోసా, రొట్టె, ఊరగాయ అన్నీ ఉన్నాయి. శనగపిండిలో పాలకూర, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ కలిపి నూనెలో వేయించే ఒక పదార్థం ఉంది. కొరికి చూస్తే అది మన పకోడీయే, కాకపోతే మనదానికంటే మెత్తన. శాకాహారులకి కేప్‌టౌన్‌లో ఇబ్బంది లేదు, లోయల్లోనూ ముందుగా చెబితే వండిపెడతారు.

ఆ నడకలోనే కంపెనీ గార్డెన్ పక్కనున్న స్లేవ్ లాడ్జ్ చూడండి. 1679లో కట్టిన ఈ భవనంలో కంపెనీ తన బానిసల్ని కుక్కి ఉంచేది. ఇప్పుడది మ్యూజియం. కేప్‌కి తెచ్చిన బానిసల్లో దాదాపు నాలుగోవంతు భారత ఉపఖండం నుంచి వచ్చినవాళ్లని చరిత్రకారుల అంచనా. బెంగాల్, మలబారు, కోరమాండల్ అని రికార్డుల్లో వాళ్ల పేర్ల పక్కన రాసి ఉంటుంది. కోరమాండల్ అంటే మన తూర్పుతీరమే. దక్షిణాఫ్రికా తెలుగువాళ్లంటే 1860 నుంచి చెరుకుతోటలకి కూలీలుగా ఓడలెక్కి డర్బన్‌లో దిగినవాళ్లే మనకి గుర్తొస్తారు. వాళ్లకి రెండు వందల ఏళ్ల ముందే ఇదే తీరం నుంచి మనుషులు కేప్‌కి చేరారు. వాళ్లలో తెలుగు మాట్లాడినవాళ్లెందరో లెక్క తేల్చడం కష్టం. సొంత పేర్లు తీసేసి, జనవరి, ఫిబ్రవరి అని నెలల పేర్లు తగిలించిన మనుషులకి మాతృభాష ఏమిటో రాసి పెట్టుకునే ఓపిక ఎవరికుంది?

ఇది ముందుగా చూడమని ఎందుకంటున్నానంటే, మర్నాడు లోయలో అడుగుపెట్టగానే తెల్లగా సున్నం కొట్టిన డచ్చి భవంతులు, ఓకు చెట్ల సాళ్లు కనిపిస్తాయి. వాటి అందానికి మనసు పడిపోతుంది, పడాల్సిందే. కొన్ని పాత ఎస్టేట్లలో రెండు తెల్లటి స్తంభాల మధ్య ఒక గంట వేలాడుతుంటుంది. తోటలో పనికి పిలవడానికీ పని చాలించడానికీ మోగించిన గంట అది. ఆ తీగలు నాటింది, ఆ గోడలు లేపింది ఎక్కువగా బానిసలే. కేప్‌లో బానిసత్వం 1834లో రద్దయింది, అప్రెంటిస్ పేరుతో ఇంకో నాలుగేళ్లు కట్టేసి 1838లో గానీ వాళ్లని పూర్తిగా వదల్లేదు. తరవాత కూడా కూలిలో కొంత డబ్బుకి బదులు నాసిరకం వైన్ పోసే ‘డాప్’ పద్ధతి నడిచింది. చట్టం కాదన్నాక కూడా చాలాకాలం చాటుగా సాగింది. దానివల్ల తాగుడు తరతరాలకి పాకింది, కడుపులో ఉన్న పిల్లలకి కూడా దాని దెబ్బ తగిలింది. రోజంతా పనిచేసి ఒళ్లు నొప్పులకి కల్లు ముంతతో సరిపెట్టుకున్న కూలీల బతుకులు మనకీ తెలుసు. కాబట్టి ఆ గ్లాసు వెనక ఎవరున్నారో తెలుసుకుని వెళ్లడం మర్యాద.

లోయకి బయల్దేరదాం. దారిలో, నగరం పొలిమేరలోనే కాన్‌స్టాంషియా తగుల్తుంది. లోయలో ఉండే తీరిక లేనివాళ్లకి ఈ పూట చాలు. 1685 నాటి గ్రూట్ కాన్‌స్టాంషియా ఎస్టేట్‌లో పాత ఇల్లు, మ్యూజియం, 1791 నాటి సెల్లార్ ఉన్నాయి. అక్కడి మస్కట్ ద్రాక్ష తీగ మీదే వడలిపోయేదాకా ఉంచి, తీపి తేలాక పిండిన వైన్ ఒకప్పుడు యూరప్ రాజులు తాగేవాళ్లు. సెయింట్ హెలీనా ద్వీపంలో బందీగా ఉన్న నెపోలియన్‌కి ఇది సీసాలకి సీసాలు వెళ్లేది. జేన్ ఆస్టిన్ తన నవలలో ఒక పాత్ర చేత దీన్ని మనసు విరిగినదానికి మందుగా చెప్పించింది.

అక్కడినుంచి స్టెలెన్‌బాష్‌కి గంటలోపే. నగరం నుంచి సుమారు 50 కిలోమీటర్లు. విశ్వవిద్యాలయం ఉన్న ఊరు కాబట్టి కుర్రకారు సందడి, పుస్తకాల షాపులు, కాఫీ దుకాణాలు ఉంటాయి. డార్ప్ స్ట్రీట్ అనే పాత వీధి మొత్తం నడిచి చూడదగ్గది. ఈ విశ్వవిద్యాలయంలోనే 1925లో పెరోల్డ్ అనే ఆచార్యుడు రెండు ద్రాక్ష రకాల్ని కలిపి పినోటాజ్ అనే కొత్త రకం పుట్టించాడు. పినో నువార్ సున్నితమైన జాతి, చూసి చూసి పెంచాలి. రెండోది ఎండకి తట్టుకునే మొండి జాతి. రెండింటి గుణం ఒక తీగలో ఉండాలని ఆయన ప్రయత్నం. దేశంలో మొట్టమొదటి ‘వైన్ రూట్’ ఏర్పాటు చేసింది కూడా ఈ ఊరే, 1971లో. ఒకే ఊళ్లో మూడు రాత్రులూ ఉండాలంటే ఇక్కడే ఉండండి. ముప్పై కిలోమీటర్ల అవతల ఫ్రాన్ష్‌హుక్‌కి పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగి రావచ్చు.

తోటలో ఒక్క క్షణం ఆగి తీగని చూడండి. మన హైదరాబాదు చుట్టూ ఒకప్పుడు అనాబ్-ఎ-షాహి ద్రాక్ష పందిళ్ల మీద పాకి, గుత్తులు తల మీద వేలాడేవి. కేప్ పాత తోటల్లో పందిరే ఉండదు. మోకాలెత్తు మొద్దు, నాలుగు కొమ్మలు, అంతే. మన వేడి నేలలో ద్రాక్ష నిద్రపోదు, ఏడాదికి రెండు కత్తిరింపులు వేసి దాన్ని కాపుకి ఒప్పించాలి. కేప్‌లో చలికాలం వానలకి ఆకు రాల్చి తీగ నిద్రపోతుంది, వసంతంలో లేస్తుంది, వాన లేని వేసవిలో పండుతుంది. కాయ మనం తినే ద్రాక్ష కంటే చిన్నది, తోలు మందం. ఎర్ర వైన్‌కి రంగూ ఒగరూ ఆ తోలులోంచే వస్తాయి.

రుచి చూడ్డం అంటే తాగడం కాదు, ఇది ముందు ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పండి. మన ఊరి మందు షాపు ముందు గుంపుని ఊహించుకుని భయపడకండి. బల్ల దగ్గర కూర్చోబెట్టి ఐదారు గ్లాసుల్లో అడుగు తడిసేంత పోస్తారు. తెల్లవి ముందు, ఎర్రవి తరవాత, తీపివి చివర. గ్లాసుని కాడ దగ్గర పట్టుకోవాలి, గిన్నె పట్టుకుంటే చేతి వేడి తగుల్తుంది. ఒకసారి తిప్పి వాసన చూసి, ఒక గుక్క నోట్లో పుక్కిలించి, పక్కనున్న పాత్రలో ఉమ్మేయొచ్చు. ఎవరూ తప్పుపట్టరు, వృత్తిగా చేసేవాళ్లు రోజూ చేసేది అదే. చెనిన్ బ్లాంక్ అనే తెల్ల రకం అక్కడ అన్నిటికంటే ఎక్కువగా పండుతుంది, దాంతో మొదలుపెట్టండి. అసలు ముట్టనివాళ్లకి కూడా ద్రాక్షరసం, జున్ను, చాక్లెట్లు, తోటలో చాప పరుచుకుని భోజనం దొరికే ఎస్టేట్లు చాలా ఉన్నాయి. రోజుకి మూడు ఎస్టేట్లకి మించి పెట్టుకోకండి. నాలుగోదానికి నాలుక మొద్దుబారి అన్నీ ఒకటేలా ఉంటాయి, పిల్లలు గొడవ మొదలుపెడతారు.

కారు ఎవరు నడుపుతారన్నది పొద్దునే తేల్చుకోవాలి. అక్కడా మనలాగే రోడ్డుకి ఎడమవైపు నడుపుతారు కాబట్టి అద్దె కారు మనకి సుఖం. కానీ రుచి చూసినవాళ్లు స్టీరింగు ముట్టకూడదు. ఆ రోజుకి డ్రైవరుని పెట్టుకోండి, లేదా ఫ్రాన్ష్‌హుక్‌లో వైన్ ట్రామ్ ఎక్కండి. 2012లో మొదలైన ఈ ట్రామ్ పాత రైలు పట్టాల మీద తోటల మధ్య వెళ్తుంది, మిగతా దారి బస్సులో. కావలసిన ఎస్టేట్ దగ్గర దిగి, తరవాతి బండి ఎక్కొచ్చు. పిల్లలకి వైన్ పట్టకపోయినా ట్రామ్ పడుతుంది.

ఫ్రాన్ష్‌హుక్, పార్ల్ ఊళ్ల మధ్య రోడ్డు పక్కన ఒక జైలుంది. 1990 ఫిబ్రవరి 11న మండేలా స్వేచ్ఛగా నడిచి వచ్చింది ఆ గేటులోంచే. ఇప్పుడక్కడ పిడికిలెత్తిన ఆయన విగ్రహం ఉంది. నగరంలో ద్వీపం చూసి, లోయలో ఈ గేటు చూస్తే ఆ కథ మొదలూ చివరా కలుస్తాయి.

ఈ లోయలకీ నగరానికీ నీటి బంధం కూడా ఉంది. నగరం తాగే నీళ్లు ఈ కొండల్లోని జలాశయాల్లోవే. వరసగా వానలు తప్పి, 2018లో కుళాయిలు పూర్తిగా కట్టేసే రోజు వస్తుందని నగరమంతా లెక్కపెట్టుకుంది. మనిషికి రోజుకి 50 లీటర్లే అన్నారు. అప్పుడు తోటల ప్రాంతపు రైతులు తమ జలాశయం నుంచి వెయ్యి కోట్ల లీటర్లు నగరానికి వదిలారు. ఆ గండం గడిచింది. హోటల్లో స్నానం త్వరగా ముగించమని బోర్డు కనబడితే విసుక్కోకండి.

ఇక కాగితాలూ డబ్బూ. మనకి దక్షిణాఫ్రికా వీసా కావాలి. బయల్దేరడానికి రెండు మూడు నెలల ముందే దరఖాస్తు పెట్టండి. పిల్లలుంటే తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉన్న జనన ధ్రువపత్రం ఇంగ్లీషులో ఉంచుకోండి, ఒక్కరే తీసుకెళ్తుంటే రెండోవారి సమ్మతిపత్రం కూడా. మన దేశం నుంచి కేప్‌టౌన్‌కి నేరుగా విమానం లేదు. హైదరాబాదు నుంచి దుబాయి లేదా దోహా మీదుగా వెళ్లొచ్చు. కెన్యా, ఇథియోపియా లాంటి ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల్లో పన్నెండు గంటలకి మించి ఆగితే టీకా పత్రం అడుగుతారు. ఆ టీకా ప్రయాణానికి పది రోజుల ముందే వేయించుకోవాలి. కాలం తేడా మూడున్నర గంటలే, నిద్ర పెద్దగా చెడదు. అక్కడి నాణెం రాండ్, ఒక రాండ్‌కి మన రూపాయలెన్నో బయల్దేరేముందు చూసుకోండి. గోడ ప్లగ్గులు మన ఏసీకి, గీజరుకి వాడే పెద్ద మూడు పిన్నుల రకం. మన ఫోన్ చార్జరు అందులో దూరదు, అడాప్టరు సర్దుకోండి.

భద్రత మాట దాచను. కేప్‌టౌన్‌లో సంపద, పేదరికం పక్కపక్కనే ఉంటాయి, దొంగతనాలు ఎక్కువ. చీకటిపడ్డాక వీధుల్లో నడవకండి, యాప్‌లో టాక్సీ పిలిపించుకోండి. ఫోను చేతిలో ఊపుకుంటూ వెళ్లకండి. మెళ్లో గొలుసులు ఇంట్లోనే పెట్టి వెళ్లండి. కొండ దారుల్లో ఒంటరిగా ఎక్కకండి. కారులో సామాను కనబడేలా వదలకండి. ఇంతమాత్రం జాగ్రత్త ఉంటే భయపడాల్సింది లేదు.

చివరగా, ఏది ముందు, ఏది తరవాత. ఈ వారం దసరాకా, వేసవికా అని ఇంట్లో తేల్చండి. తేలగానే పాస్‌పోర్టుల్లో ఖాళీ పేజీలూ గడువూ చూసుకుని వీసాకి పెట్టండి. వీసా వచ్చాక విమానం, ఆపైన లోయలో బస, ఎందుకంటే మంచి చోట్లు అక్కడే ముందు నిండుతాయి. తరవాత రాబెన్ ద్వీపం పడవ, ట్రామ్, ఒక మంచి మధ్యాహ్న భోజనం ఖాయం చేయండి. కేబుల్ కారుకి మాత్రం ఏ రోజూ రాసిపెట్టకండి. ఇంట్లో రెండు పార్టీలూ అప్పటికి ఒకే సూట్‌కేసు కోసం పోట్లాడుకుంటూ ఉంటాయి, అదే ప్రణాళిక కుదిరిందనడానికి గుర్తు.